వాసన లేని దూది

పోయిన వారం మనం డాక్టరమ్మని ఆవిడ అత్తగారింటి పెరటి గుమ్మం దగ్గర వదిలేశాం. చెప్పులు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ, దొంగలా బయటికి వస్తోంది. సొంత ఇంట్లోంచి అలా రావలసిన ఖర్మ ఆవిడకి ఎందుకు పట్టిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

ఊళ్లో జబ్బు మొదలైన దగ్గర్నుంచి అందరికన్నా ముందు తలుపులు మూసుకున్నవి పళ్ల ఆసుపత్రులు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఎదుటి మనిషి తెరిచిన నోటికి జానెడు దూరంలో ముఖం పెట్టుకుని కూర్చోవడమే వాళ్ల ఉద్యోగం. డ్రిల్లు తిరిగితే ఆ నోట్లోని తడంతా తుంపరై గదిలో లేస్తుంది. డాక్టరమ్మ మాత్రం నొప్పితో నిద్రలేని వాళ్ల కోసం పూటకొకరిని చూస్తూ క్లినిక్ నడుపుతోంది. పాత అసిస్టెంటు భయపడి మానేసింది. బట్టల కొట్టు మూతబడి ఖాళీగా ఉన్న మరదలు, అంటే భర్త చెల్లెలు, వచ్చి నోట్లో ఊరే తడిని లాగేసే సక్షన్ పైపు పట్టుకుంది. డాక్టరమ్మ భర్త ఉద్యోగం పని మీద వేరే ఊరు వెళ్లి, దారులు మూసేయడంతో అక్కడే చిక్కుపడ్డాడు. ఇంట్లో మిగిలింది అత్తగారు ఒక్కతే. ఆవిడకి ఏళ్ల నాటి ఉబ్బసం.

అందుకని వదినా మరదళ్లిద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. జబ్బు తగ్గేదాకా ఆ ఇంటి గడప తొక్కకూడదు. పడక క్లినిక్ వెనక గదిలోనే. పెద్దావిడతో మాటలు వీధి కిటికీ అవతల నుంచే. ఆ ఇంటి మేడ మీద అద్దెకున్నావిడ పెద్దావిడ తలుపు దగ్గర భోజనం పెట్టి వెళుతుంది. ఆ ఒట్టుని పోయిన ఆదివారం డాక్టరమ్మ తప్పింది. అత్తగారి కట్టుడు పళ్ల అంచు ఒరుసుకుని చిగురు మీద పుండు పడితే, మరదలు బట్టలు ఉతుక్కుంటున్న సమయం చూసుకుని వెళ్లి, ఆ అంచు అరగదీసి ఇచ్చి వచ్చింది. "నీ మొహం చూసి ఎన్నాళ్లయిందే అమ్మాయ్, ఆ మూతిగుడ్డ ఒక్కసారి తియ్యి" అని పెద్దావిడ బతిమాలితే తీసింది కూడా. ఒక్క క్షణమే. ఈ సంగతి ఆవిడకీ, అత్తగారికీ, మనకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇదీ పరిస్థితి. ఇప్పుడు శుక్రవారం పొద్దున్న.

క్లినిక్ తలుపు తట్టింది సైరన్. అసలు పేరు అతని తల్లికి తెలిసుంటే తెలిసుండాలి. ఊరంతా పిలిచేది అదే. అంబులెన్సు డ్రైవరు. ఊరికి ఈ వైపు తిరిగే బళ్లలో మిగతా డ్రైవర్లందరూ మంచం ఎక్కితే ఇతనొక్కడే మిగిలాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఇవాళ గుమ్మంలో నిలబడి వేలితో చెంప చూపించాడంతే. చూపించక్కర్లేదు. కుడి చెంప కింద దవడ బంతిలా లేచి ఉంది. వాపు గొంతు మీదికి దిగుతోంది.

"మింగుడు పడుతోందా?" అంది డాక్టరమ్మ.

"నీళ్లు కూడా దిగట్లేదు మేడమ్" అన్నాడు పళ్ల సందుల్లోంచి. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు.

పంటి చీము మెడలోకి దిగితే ఊపిరి గొట్టం మూసుకుపోతుంది. మామూలు రోజులైతే డాక్టరమ్మ అతన్ని పెద్దాసుపత్రికి పంపేది. ఇప్పుడు అక్కడ పంటి నొప్పి అంటే గేటు దగ్గరే వెనక్కి తోలేస్తున్నారు. ఆ సంగతి ఈ డ్రైవరుకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

"అక్కడ పై అంతస్తంతా జబ్బు వాళ్లే మేడమ్. ఎక్కించడమే నా పని. నడుచుకుంటూ దిగినవాళ్లని నేను చూసింది చాలా తక్కువ."

"మాట్లాడకు. పడుకో."

ఇద్దరు ఆడవాళ్లూ ప్లాస్టిక్ సూట్లు తొడిగారు. మాస్కు మీద మాస్కు, దాని మీద ముఖానికి అడ్డంగా గాజులాంటి షీల్డు. ఫ్యాను ఆపేశారు, కిటికీలు తెరిచారు. పని మొదలుకాక ముందే మరదలి షీల్డు లోపల చెమట కారుతోంది.

"ఈ పన్ను పోయిన శనివారమే మూసేశాను కదే బుల్లీ" అంది డాక్టరమ్మ మరదలితో, మత్తు ఇంజెక్షను ఎక్కిస్తూ. ఆ గొంతులో అతని మీద జాలి కన్నా తన పని తప్పిందన్న రోషం ఎక్కువగా ఉంది. "దూది చూసే మూశాను. శుభ్రంగా ఉంది."

ఈ దూది సంగతి చెప్పాలి. వేరు కుళ్లిన పంటిని పళ్ల డాక్టరు ఒక్క పూటలో మూసెయ్యరు. కుళ్లు తోడి, లోపల మందు దూది ఉండ పెట్టి, పైన తాత్కాలికంగా ఏదో పూసి పంపిస్తారు. మళ్లీ వచ్చినప్పుడు ఆ ఉండని పట్టకారుతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు. కంపు కొడితే లోపల ఇంకా చీము ఉన్నట్టు, మళ్లీ కడగాలి. మందు వాసన తప్ప ఏమీ లేకపోతే పంటి వేళ్లు నింపి శాశ్వతంగా మూసెయ్యొచ్చు. ఈ పరీక్ష ఏ పాఠంలోనూ చెప్పరు. పాత డాక్టర్లు చేస్తుంటే చూసి కొత్త డాక్టర్లు నేర్చుకుంటారు. మొదట్లో ఛీ అనుకుంటారు, కొన్నేళ్లు పోయాక వాళ్లూ అదే చేస్తారు.

జబ్బు రోజుల్లో కూడా డాక్టరమ్మ ఈ అలవాటు మానలేదు. ఆ కాసేపు షీల్డు ఎత్తి, మాస్కులు గడ్డం కిందికి లాగేది. అది చూసి మరదలు మొత్తుకునేది. "నా ముక్కు ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పు చెప్పలేదే" అనేది వదిన. పోయిన శనివారం మరదలు వెనక గదిలో పనిముట్లు ఉడకబెడుతోంది గనక మొత్తుకోవడానికి కూడా ఎవరూ లేకపోయారు.

మత్తు ఎక్కాక దవడలు కాస్త వదులయ్యాయి. డాక్టరమ్మ రబ్బరు దిమ్మ ఒకటి పళ్ల మధ్య ఇరికించి నోరు తెరిచి ఉంచింది.

"నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తు. తల మాత్రం కదపకు."

ఆ గదిలో అందరికీ చెప్పే మాటే అది. సైరన్ కళ్లతో సరేనన్నాడు.

డ్రిల్లు తక్కువ వేగంలో పెట్టి, పంటి మీది సిమెంటు తవ్వి, వేళ్లలో నింపిన పదార్థాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగింది. చివరి ముక్క వచ్చీ రాగానే లోపలి నుంచి పచ్చగా, నెత్తుటి చారలతో చీము ఉబికింది. సక్షన్ పైపు గరగరలాడింది.

"అబ్బా!" అని మరదలు తల పక్కకి తిప్పేసింది. "అమ్మో, వదినా, ఏం కంపు ఇది! రెండు మాస్కులు దాటి వస్తోంది. నువ్వెలా ఓర్చుకుంటున్నావే తల్లీ!"

"ఏం కంపు?" అంది డాక్టరమ్మ.

మరదలు నవ్వబోయింది. వదిన వేళాకోళం ఆడుతోందనుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఓ దూది ఉండ తీసి ఆ చీములో అద్దింది. గబగబా షీల్డు ఎత్తి, మాస్కులు కిందికి లాగి, ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది. ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. దూది ట్రేలో పడేసి స్పిరిటు సీసా మూత తీసింది. దాన్నీ వాసన చూసి పక్కన పెట్టేసింది. అలమారులోంచి లవంగ నూనె సీసా తీసింది. చదువుకునే రోజుల నుంచీ చేతులకీ బట్టలకీ పట్టి ఇంటిదాకా వచ్చే వాసన అది. పెళ్లయిన కొత్తలో భర్త ఆటపట్టించింది ఆ వాసన గురించే. సీసా మూతికి ముక్కు పెట్టి అలాగే నిలబడిపోయింది.

"వదినా?"

"రావట్లేదు" అంది డాక్టరమ్మ. "బుల్లీ, నాకు ఏ వాసనా రావట్లేదు."

ఆ మాటకి అర్థం ఏమిటో ఆ రోజుల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. జ్వరం ఉండక్కర్లేదు, దగ్గు ఉండక్కర్లేదు. ముక్కు చచ్చిపోయిందంటే జబ్బు ఒంట్లోకి వచ్చి కూర్చున్నట్టే.

"ఎప్పట్నించి?" అంది మరదలు.

"తెలీదు. పొద్దస్తమానం మాస్కులే కదా. టీ రుచి లేకపోతే పాలపొడి బాగాలేదనుకున్నాను." చెబుతూ చెబుతూ ఆవిడ సైరన్ నోట్లోకి చూసింది. ఆ పన్ను అక్కడే తెరుచుకుని ఉంది. "శనివారం నుంచీ లేదు. దూది శుభ్రంగా లేదు. నాకే ముక్కు లేదు. కంపుకొట్టే పన్నుని మూసేసి, బాగుందిపో అని వీపు తట్టి పంపించాను."

కుర్చీలో మనిషి ఇదంతా వింటూనే ఉన్నాడు. నోట్లో రబ్బరు దిమ్మ, పెదవి మీద పైపు, కళ్లు మాత్రం ఒకసారి ఈవిడ వైపు, ఒకసారి ఆవిడ వైపు తిరుగుతున్నాయి.

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మాస్కులు పైకి లాక్కుంది. షీల్డు దించుకుంది. "నేను ఇక్కడ ఉండకూడదు. ఇతని మీద నా ఊపిరి..."

"నువ్వెళితే ఈయన్నేం చెయ్యమంటావు? పన్ను తెరిచి పెట్టి వెళ్లిపోతావా?" అని మరదలు కసిరింది. "నాకు పైపు పట్టుకోవడం తప్ప ఏం వచ్చు?"

సైరన్ ఎడమ చెయ్యి ఎత్తాడు.

మరదలు పైపు తీసింది. అతను దిమ్మ పక్కనుంచి, సగం మొద్దుబారిన నాలికతో, మాట ముద్ద చేసి అన్నాడు. "మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. ముందు నా దవడ సంగతి చూడండి."

"ఏమయ్యా, నాకు జబ్బుందంటే వినపడలేదా?"

"నేను రోజూ దాన్ని పక్కన కూచోబెట్టుకునే తిప్పుతున్నా మేడమ్. అది మీ దగ్గర్నించి నాకొచ్చిందో, నా దగ్గర్నించి మీకొచ్చిందో ఎవడు చెప్తాడు? ఊళ్లో ఎవరూ నా బండి పక్కన నిలబడరు. మీరు కుర్చీ ఇచ్చారు. కానివ్వండి."

డాక్టరమ్మ ఏడ్చింది. షీల్డు లోపల కారిన నీళ్లు తుడుచుకునే వీల్లేదు గనక అవి అలాగే కారాయి. మళ్లీ కుర్చీ పక్కకి వచ్చింది. ఎడమచేత్తో దవడ కింద వాపుని బయటి నుంచి మెల్లగా పైకి నొక్కుతూ, కుడిచేత్తో పంటిలోకి మందునీళ్లు కొడుతూ పని చేసింది. నొక్కినప్పుడల్లా చీము వస్తోంది. మరదలు ముఖం తిప్పుకోకుండా పైపు పట్టింది.

కాసేపటికి మరదలే అంది, తనలో తను అనుకున్నట్టు. "పోనీలే. మనిద్దరికీ వస్తే వచ్చింది. ఎలాగో పడదాం. అమ్మ దగ్గరికి వెళ్లకుండా ఉన్నాం చూడు, అదే మేలయింది. దానికి వచ్చిందంటే ఆ ఊపిరితిత్తులతో ఒక్కరోజు తట్టుకోదు. నీ ఒట్టే కాపాడింది వదినా."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

ఇక్కడ ఆవిడ నోరు మూసుకుని ఉండొచ్చు. ఇంకో పూట, ఇంకో రోజు. అత్తగారికి ఏమీ కాకపోతే ఎప్పటికీ చెప్పనక్కర్లేకపోవచ్చు. కానీ మరదలు తన మీద పెట్టుకున్న ఆ నమ్మకాన్ని మోస్తూ ఇంకో నిమిషం నిలబడే ఓపిక ఆవిడకి లేకపోయింది.

"వెళ్లానే" అంది.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఆదివారం. కట్టుడు పళ్లు ఒరుసుకుని అత్తయ్యకి పుండు పడింది. ఏమీ నమలలేక పస్తుంటోందని మేడమీదావిడ ఫోను చేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ వస్తానంటావని."

మరదలు సక్షన్ పైపు పట్టుకునే ఉంది. పైపు మాత్రం సైరన్ చెంపకి అంటుకుపోయి ఊరికే మోగుతోంది. "మొన్న అమ్మ కిటికీ అవతల దగ్గుతోంటే, వీపు నిమరడానికి ఊచల్లోంచి చెయ్యి పెట్టబోయాను. గుర్తుందా? నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగావు. అమ్మ అలా దగ్గుతూనే ఉంది, నేను వచ్చేశాను. నీ మాట విని వచ్చేశాను. నువ్వేమో..." ఊపిరి అందక ఆగింది. "మాస్కు ఉందిగా? లోపల మాస్కు తియ్యలేదుగా?"

డాక్టరమ్మ మందునీళ్ల సిరంజి మళ్లీ నింపుకుంది.

"తీశావా?"

"మొహం చూపించమంది."

"తీశావా వదినా?"

"తీశాను. నా చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది. చిక్కిపోయావే అమ్మాయ్ అంది." డాక్టరమ్మ తల ఎత్తి మరదలి వైపు చూసింది. "నాకప్పుడు ఏమీ తెలీదే. ఒంట్లో నలత కూడా లేదు. శనివారం దూది నాకు సరిగ్గా చెప్పి ఉంటే ఆదివారం ఆ గడప తొక్కేదాన్నా?"

"దూదికి నోరుందా చెప్పడానికి! బుర్ర నీకుండాలి!" అని మరదలు అరిచింది. ఇన్నేళ్లలో ఆమె వదిన మీద గొంతెత్తడం అదే మొదలు. "డాక్టరువి! ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదానివి! మా అన్నయ్య నా చేతుల్లో పెట్టి వెళ్లలేదు అమ్మని, నీ చేతుల్లో పెట్టి వెళ్లాడు!"

ఆ మాట పడాల్సిన చోటే పడింది. డాక్టరమ్మ మళ్లీ పని అందుకుంది. తల వంచుకుని పంట్లోకి చివరిసారి మందునీళ్లు కొట్టింది. వాపు చేతికి మెత్తబడింది. పన్ను మూయకుండా, చీము కారడానికి దారి ఉంచి, వదులుగా కాస్త దూది మాత్రం పెట్టి, దిమ్మ బయటికి తీసింది. ఆ దూది మీద ఆవిడ ఇక ముక్కు పెట్టేది లేదు.

సైరన్ లేచి కూర్చుని దవడ పట్టుకున్నాడు. అవతల బల్ల మీద, ప్లాస్టిక్ సంచిలో పెట్టిన అతని ఫోను మోగింది. చెవులు గింగురుమనేలా మోగే రకం. మరదలు గ్లౌజు వేలితోనే నొక్కి స్పీకరులో పెట్టింది. కంట్రోల్ రూమ్ అమ్మాయి గొంతు, ఊపిరి తిప్పుకోకుండా.

"అన్నా, నీ వైపు కేసు. పెద్దావిడ, ఒక్కతే ఉంది, ఊపిరాడట్లేదు. వాటర్ ట్యాంకు వెనక వీధి, ఆకుపచ్చ గేటు. పైన అద్దెకున్నావిడ ఫోను చేసింది."

ఆకుపచ్చ గేటు. ఆ రంగు వేసింది డాక్టరమ్మ భర్తే, పోయిన ఎండాకాలం. మరదలు ఫోను ఉన్న బల్ల అంచుని పట్టుకుంది.

"పాత ఉబ్బసమట" అంటోంది అమ్మాయి. "జబ్బేమోనని మేడమీదావిడ భయపడుతోంది. ఈ మధ్య ఇంటికి ఎవరైనా వచ్చారా అని తలుపు బయట నుంచి అడిగిస్తే, పెద్దావిడ ఎవరూ రాలేదంటోందట. పిల్లలు కిటికీ దగ్గర మాట్లాడి పోతారు, ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు, నా కోడలు డాక్టరు, దానికి ఆ మాత్రం తెలీదా అంటోందట. అలాగైతే ఉబ్బసమే కదా అన్నా? కింది వార్డుకి చెప్పనా? అక్కడ ఇంట్లోవాళ్లు పక్కన కూచోవచ్చు. పై అంతస్తైతే ఎవర్నీ రానివ్వరు, ఒక్కతే ఉండాలి."

పెద్దావిడ ఊపిరాడని స్థితిలో కూడా కోడలి పరువు కాస్తోంది. డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. కింది వార్డు నిండా అత్తగారి లాంటి ముసలివాళ్లే, ఉబ్బసాలతో, దగ్గులతో. అక్కడికి జబ్బుతో వెళ్లి మధ్య మంచం మీద పడుకుంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. పై అంతస్తుకి ఎక్కితే ఏమవుతుందో సైరన్ పొద్దున్నే చెప్పాడు.

ఆవిడ నోరు తెరిచింది.

మరదలు ఒక్క అడుగులో వచ్చి, గ్లౌజు చేతిని ఫోను మీద బోర్లించింది. ఇందాక వదిన దాచినందుకు అరిచిన మనిషే. కళ్లలో నీళ్లు. గొంతు గుసగుస.

"చెప్పకు వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను. కింది వార్డైతే నేను అమ్మ పక్కన కూచోవచ్చు. చెప్పకు."

"బుల్లీ, అక్కడ పడుకున్నవాళ్లు..."

"వాళ్లు మా అమ్మ కాదు!"

ఆమె అరచేతి కింద నుంచి ఆ అమ్మాయి గొంతు సన్నగా వస్తూనే ఉంది. "అన్నా? ఉన్నావా? ఏ వార్డుకి చెప్పమంటావు? అవతల ఇంకో ఫోను మోగుతోంది, తొందరగా తేల్చు."

సైరన్ కుర్చీ దిగాడు. మరదలి చెయ్యిని మెల్లగా పక్కకి తీసి, ఫోను ఎత్తి, డాక్టరమ్మ నోటి దగ్గర పెట్టాడు.